మేకుకు వేలాడిన కార్డు

గట్టయ్య కాకతో నేను పడ్డ గొడవలు రాస్తే ఒక పుస్తకమవుతుంది. అన్నీ తాళాల గురించే. తాళాలు బిగించేవాణ్ణి నేను, వాటికి కాపలా ఉండేవాడు ఆయన. మా అబ్బా గోదావరిఖనిలో గల్లీ గల్లీ తిరిగి తాళం చెవి పోగొట్టుకున్నవాళ్ళ బీరువాలు తెరిచేవాడు. నేను కార్డు తాళాలు, వేలిముద్ర తాళాలు పెడతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. గట్టయ్యకు అసలు కోపమే రాదు. అందుకే మా గొడవల్లో ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు.

ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఒకటే పని చేశాడు. బొగ్గు బాయి మీద ల్యాంపు రూము కిటికీ దగ్గర నిలబడి, కిందికి దిగే ప్రతి కార్మికుడికీ దీపం ఇచ్చేవాడు. అతని నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ తీసుకుని మేకుకు తగిలించేవాడు. షిఫ్టు దిగి పైకొచ్చినవాడు దీపం అప్పగిస్తే బిళ్ళ వాపసు. మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి భూమి కింద ఉన్నట్టే లెక్క. మేకులన్నీ ఖాళీ అయ్యేదాకా గట్టయ్య కిటికీ మూసేవాడు కాదు.

ఒకసారి ఆయన కిటికీ మూయనన్నాడు. అందరూ పైకొచ్చారని అనుకుంటున్నారు, స్నానాలు చేసి సైకిళ్ళు తీస్తున్నారు. ఒక్క బిళ్ళ మాత్రం మేకు మీద ఉంది. ఈయన దాన్ని పట్టుకుని అందరికీ చూపించి, మనుషులను మళ్ళీ కిందికి దింపించాడు. తీరా చూస్తే ఆ బిళ్ళ మనిషి ఒక మూలన గోడకు ఆనుకుని హాయిగా గురక పెడుతున్నాడు. ఆ మనిషి పూలమ్మ మొగుడు. కార్మికులుండే సెంటినరీ కాలనీ అంతా చాన్నాళ్ళు దాన్ని చెప్పుకుని నవ్వింది. పూలమ్మ మాత్రం నవ్వలేదు. గట్టన్న లేకుంటే నా మొగుడు చీకట్ల లేచేటోడు అని ఆమె ఇప్పటికీ అంటుంది. ఆ మొగుడు తర్వాత జ్వరమొచ్చి పోయాడు గానీ, ఆమెకు గట్టయ్య మీద నమ్మకం మాత్రం పోలేదు.

రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక గట్టయ్య గోదావరిఖనిలో బాబూరావు గారి బిల్డింగులో వాచ్‌మన్‌గా చేరాడు. బాబూరావు గారిది కోస్తా వైపు. వ్యాపారానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పైన దుకాణాలు, కింద సెల్లార్‌లో లాకర్ల గది. జనం బంగారం, భూమి కాగితాలు దాచుకునే చోటు. అక్కడ ఊడ్చి తుడవడానికి గట్టయ్యే చెప్పి పూలమ్మను పెట్టించాడు. ఆ గదికి తలుపు బిగించింది నేను.

ఎలక్ట్రానిక్ తాళం అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ముగ్గురు మనుషులు చేసే పని అనుకోండి. తలుపు పక్కన ఒకడు నిలబడి నువ్వెవరని అడుగుతాడు, అది కార్డు చూపించే డబ్బా. లోపల ఎక్కడో ఒకడు కూర్చుని వీణ్ణి రానివ్వాలా వద్దా అని తేలుస్తాడు, అది కంప్యూటర్. మూడోవాడు తలుపును గట్టిగా పట్టుకుని ఉంటాడు, వదలమంటేనే వదులుతాడు. కరెంటు పోయినప్పుడు ఈ మూడోవాడు రెండు రకాలు. ఒక రకం చేతులెత్తేసి తలుపు వదిలేస్తాడు. రెండో రకం ఇంకా బిగిసిపోతాడు. మనుషులుండే గదికి మొదటి రకం పెట్టాలి, సొమ్ముండే గదికి రెండో రకం. లాకర్ల గదికి రెండోదే పెట్టాం. పూలమ్మ రోజూ ఆ గదిలో ఉంటుంది కదా, అది మనుషులుండే గది కాదా అని ఎవరికీ తట్టలేదు.

లోపలికి పోవాలన్నా కార్డే, బయటికి రావాలన్నా కార్డే. లోపల పచ్చ బటన్ పెడదాం సార్, నొక్కితే తలుపు వస్తుంది అని నేను మొదట్లోనే అన్నాను. బాబూరావు గారు ఒప్పుకోలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడయ్యా, నీ బటన్ పడుతుందా అన్నారు. కార్డయితే ఎవరు పోయారో, ఎవరు వచ్చారో స్క్రీన్ మీద కనబడుతుంది. లోపల ఎందరున్నారో అంకె వస్తుంది. శనివారం మధ్యాహ్నం ఆ అంకె సున్నా అయ్యాక తలుపు మూస్తే, సోమవారం పొద్దున దాకా ఏ కార్డు చూపించినా తెరుచుకోదు. మధ్యలో తెరవాలంటే ఇద్దరి కోడ్లు కావాలి. ఒకటి మేనేజర్ ప్రసూన మేడం దగ్గర, రెండోది బాబూరావు గారి బుర్రలో.

నేను తలుపు బిగిస్తున్న రోజే గట్టయ్య వచ్చి, మెట్ల పైన గోడకు ఒక మేకు కొట్టాడు. ఎందుకు కాకా అంటే, కిందికి పోయేటోళ్ళ బిళ్ళ మీద ఉండాలె గదా అన్నాడు. ఆఫీసువాళ్ళు నవ్వి ఊరుకున్నారు. పూలమ్మ మాత్రం కార్డు ఇచ్చిన మొదటి రోజే దాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మేకుకు తగిలించి, తన కార్డుతో తలుపు తీసి లోపలికి పంపాడు. పని అయ్యాక ఆమె లోపలినుంచి తలుపు తట్టేది, ఈయన మళ్ళీ తీసేవాడు. ఇద్దరికీ ఇందులో తప్పేమీ కనబడలేదు. బాయి మీద బతికినవాళ్ళకు అంతకంటే సహజమైన పని ఇంకోటి లేదు.

నాకు తెలిసిన రోజు నేను మెట్ల మీదే అరిచాను. వాచ్‌మన్ కార్డు తలుపు తీస్తుంది గానీ, ఎవరు లోపలికి పోయారో లెక్క పెట్టదు. పూలమ్మ లోపల ఉన్నా కంప్యూటర్‌కు ఆమె లేనట్టే. బాయిలో బిళ్ళ పైన ఉండాలి, నిజమే. ఇక్కడ బిళ్ళే తాళంచెవి, అది మనిషి వెంట పోవాలి. ఇదంతా గొంతు పోయేలా చెప్పాను. గట్టయ్య నింపాదిగా విన్నాడు.

"సర్వరూ, నీ కంప్యూటర్ మనిషిని చూస్తదా, కార్డును చూస్తదా?"

"కార్డునే చూస్తది."

"మరి నేను మనిషిని చూస్తున్న గదా. నేనుండంగ నీకేం ఫికర్?"

నేనుండంగ అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. విసుక్కుని వెళ్ళిపోయాను.

ఆ శనివారం ఎండ నిప్పులు చెరుగుతోంది. గట్టయ్యకు సుగర్ ఉంది. పొద్దున గోళీ వేసుకుని, అన్నం తర్వాత తింటానని టిఫిన్ గిన్నె పక్కన పెట్టాడట. మధ్యాహ్నం పూలమ్మ కార్డు ఇచ్చింది, ఆయన తగిలించాడు, తలుపు తీశాడు, ఆమె బకెట్టు తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి ఆయన మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాడు. నా దుకాణం పక్క సందులోనే. ప్రసూన మేడం కేకకు పరుగెత్తి వచ్చి, నేనూ ఆమే కలిసి ఆయన్ని ఆటోలో వేశాం. నేను దవాఖానకు పోయాను. ఆమె గది మూసే వేళయిందని కిందికి పోయింది. స్క్రీన్ చూసింది, సున్నా ఉంది. తలుపులోంచి తొంగి చూసింది, ఎవరూ కనబడలేదు. చివరన పరదా వెనక, జనం తమ డబ్బా తెరుచుకునే చిన్న గదిలో పూలమ్మ వంగి నేల రుద్దుతోంది. మేడం చెయ్యాల్సిందంతా చేసి తలుపు మూసింది. ఆమెను నేను తప్పు పట్టను.

దవాఖానలో గ్లూకోజు ఎక్కించారు. గట్టయ్య కళ్ళు తెరవకుండానే జేబు తడుముకుంటూ, మీదికొచ్చిందా, మీదికొచ్చిందా అని గొణుగుతున్నాడు. ఎవరొచ్చారంటున్నాడని నర్సమ్మ అడిగితే, పాత బాయి ముచ్చట్లమ్మా, ఇంకా దీపాలు పంచుతున్నాడు అని నేను నవ్వాను. ఇంతలో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయింది. రోజూ అయ్యేదే. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు గట్టయ్య కళ్ళు తెరిచి నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఆ చేతికి ఎక్కడిదో నాకు తెలియదు.

"సర్వరూ, మేకు చూసినవా?"

మధ్యాహ్నం షిఫ్టు వాచ్‌మన్ సంపత్‌కు ఫోన్ చేశాను. మేకుకు ఏమన్నా ఉందా అంటే, పూలమ్మ కార్డు ఉన్నదన్న, మరిచిపోయి ఇంటికి పోయినట్టుంది అన్నాడు. ఆమె చెప్పులు చూడమన్నాను. అతను మెట్లు దిగిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. మెట్ల కిందనే ఉన్నయన్నా అన్నాడు.

పూలమ్మకు ఆయాసం ఉంది. పీల్చే మందు సంచిలో పెట్టుకుంటుంది, ఆ సంచి చెప్పుల పక్కనే ఉందట. తలుపు మూశాక లోపల లైటు పోతుంది, ఏసీ ఆగిపోతుంది. ఆమె బకెట్టులో ఫినాయిలు, యాసిడ్. ఆ వాసనలో నాకే ఊపిరి ఆడదు. సోమవారం పొద్దున దాకా అంటే ఇక చెప్పేదేముంది.

నేను ఆటోను పిలిచేలోపే గట్టయ్య చేతిలోంచి సూది పీకేసుకున్నాడు. నర్సమ్మ తిడుతూనే ఉంది, ఈయన నడుస్తూనే ఉన్నాడు. దారిలో బొగ్గు టిప్పర్లు అడ్డం. నేను ఆటోవాణ్ణి తిట్టాను, టిప్పర్లను తిట్టాను, చివరికి గట్టయ్యను తిట్టాను. మేకు కొట్టినవ్, మనిషిని చూస్తనన్నవ్, ఇప్పుడు చూడు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చేతి మీద సూది పోయిన చోట రక్తం కారుతుంటే కండువాతో అదిమి పట్టుకుని కూర్చున్నాడు.

బిల్డింగుకు చేరగానే సంపత్ ఇంకో సంగతి చెప్పాడు. ఆ తలుపుకు నేనే ఒక పరికరం పెట్టాను. పని వేళ అయిపోయి గది మూశాక తలుపు మీద దెబ్బ పడితే సైరన్ మోగుతుంది. బ్లాస్టింగ్ అయినప్పుడల్లా నేల అదిరి అది ఊరికే మోగుతుంది. ఆర్పేయడం వాచ్‌మన్లకు అలవాటైపోయింది. ఇవాళా బ్లాస్టింగ్ అప్పుడే మోగిందట. సంపత్ ఆర్పాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ ఆర్పాడు. ఆ తర్వాత ఇక మోగలేదు. ఆ రెండోసారి మోగించింది నేల కాదు, పూలమ్మ అని అప్పుడు మాకు అర్థమైంది. ఆ సైరన్ వింటే పోలీసులొస్తారని, తలుపు జోలికి పోవద్దని ఆమెకు గట్టిగా చెప్పి ఉన్నాం. భయపడి కొట్టడం ఆపేసిందో, కొట్టే ఓపిక లేక ఆపేసిందో.

తలుపు కోయించే మనుషులు రావాలంటే మంచిర్యాల నుంచి రావాలి. వాళ్ళొచ్చి కోసేసరికి సగం రోజు పడుతుంది. నా చేత్తో బిగించిన తలుపు, దాని బలం నాకు తెలుసు. మేడం తన కోడ్ కొట్టింది. ఇక రెండోది కావాలి. బాబూరావు గారు విజయవాడలో ఏదో శుభకార్యంలో ఉన్నారు. నేను ఫోన్ చేసి, లోపల మనిషి ఉంది సార్, కోడ్ చెప్పండి అన్నాను.

ఆయన స్క్రీన్ ఏం చూపిస్తోందని అడిగారు. మేడం అబద్ధం చెప్పలేదు. సున్నా సార్ అంది.

"సర్వర్, నువ్వే కదయ్యా నాకు చెప్పింది? దేవుడు దిగొచ్చి అడిగినా ఫోన్‌లో కోడ్ చెప్పొద్దని?"

చెప్పాను. లోపల మనిషి చిక్కుకుందని అబద్ధమాడి కోడ్ లాగడం దొంగల పాత ఎత్తు, నమ్మొద్దు సార్ అని కూడా చెప్పాను. నా మాటే తాడై నా మెడకు చుట్టుకుంది. ఎంత బతిమాలినా ఆయన, నేను వస్తున్నాను, బయలుదేరుతున్నాను అంటారే గానీ కోడ్ అనరు. ఊరంతటి బంగారం ఆయన పూచీ మీద ఉంది. ఆయన చోట నేనుంటే నేనూ చెప్పనేమో. కానీ ఆ క్షణంలో మాత్రం ఆయన గొంతు పిసకాలనిపించింది.

గట్టయ్య గోడ పట్టుకుని మెట్లు దిగి తలుపు ముందు కూర్చున్నాడు. తన టిఫిన్ గిన్నె తీసి, దాని అడుగుతో తలుపు మీద మూడుసార్లు కొట్టాడు. సైరన్ గోల పెట్టింది. సంపత్‌ను ఆర్పమన్నాడు. మళ్ళీ మూడు. మళ్ళీ ఆర్పమన్నాడు. బాయి మీద గంట మూడుసార్లు కొడితే, ఎక్కేది బొగ్గు కాదు, మనుషులు అని అర్థం. లిఫ్టు ఇంజన్ తోలేవాడు ఆ మూడు వింటే మెల్లగా పైకి లాగుతాడు. కాలనీలో పుట్టిన పిల్లలు కూడా ఆ ఆట ఆడతారు. పూలమ్మకు తెలియకపోవడమేమిటి.

నాకు అప్పుడు బుర్ర పనిచేసింది. ఫోన్‌ను వీడియోలోకి మార్చి బాబూరావు గారికి మమ్మల్నందరినీ చూపించాను. అందరం తలుపుకు దూరంగా జరిగి చేతులు పైకెత్తాం. గట్టయ్య గిన్నె నేల మీద పెట్టి తనూ ఎత్తాడు, ఒక చేతి నుంచి రక్తం మోచేతి దాకా కారింది. చూడండి సార్, తలుపును ఎవరూ ముట్టడం లేదు, ఇక మోగితే లోపలి దెబ్బకే అన్నాను. సైరన్ ఆర్పి ఉంది. ఫోన్‌లో పెళ్ళి మేళం వినిపిస్తోంది. మేము చేతులెత్తి నిలబడ్డాం. ఏమీ కాలేదు. మేడం ఏడవడం మొదలుపెట్టింది. గట్టయ్య మాత్రం తలుపు వైపే చూస్తూ, కొట్టు చెల్లె, కొట్టు అని లోలోపల అంటున్నాడు.

సైరన్ మోగింది.

సంపత్ ఆర్పాడు. మళ్ళీ మోగింది. ఆర్పాడు. మూడోసారి చాలా ఆలస్యంగా మోగింది. ఆ చప్పుడు ఆగకముందే బాబూరావు గారు అంకెలు చెప్పేశారు. మళ్ళీ అడిగించుకోకుండా చెప్పారు, చెబుతూ ఏడ్చారు.

తలుపు తీస్తే ఆ వాసన ముఖాన కొట్టింది. పూలమ్మ తలుపుకు ఆనుకునే ఉంది, తెరవగానే గట్టయ్య ఒళ్ళోకి ఒరిగింది. కొంగు తడిపి ముక్కుకు కట్టుకుంది. పెదవులు నల్లబడ్డాయి. ఎత్తుకుని పైకి తెచ్చి, మందు పీల్పించి, గాలికి కూర్చోబెట్టాం. చాలాసేపటికి గాని ఆమె నోట మాట రాలేదు. వచ్చాక మా ఎవరినీ చూడలేదు, గట్టయ్యనే చూసింది.

"గట్టన్నా, నేను కునుకు తియ్యలే."

గట్టయ్య నవ్వబోయి ఏడ్చాడు. ఆ మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు. మేకు మీది కార్డు తీసి ఆమె ఒళ్ళో పెట్టి, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. నేను ఆయన టిఫిన్ గిన్నె తెరిచి నాలుగు ముద్దలు తినిపించాను. తిట్టుకుంటూనే తినిపించాను.

బాబూరావు గారు మరునాడే వచ్చారు. పూలమ్మ ఇంటికి స్వయంగా వెళ్ళి చూసి వచ్చారు. తర్వాత గట్టయ్యను పిలిచి, ఇక పనికి రావద్దన్నారు. అరవలేదు, కసరలేదు. నియమం తప్పి తలుపు తీసింది మీరే కదా గట్టయ్య గారూ అన్నారు. గట్టయ్య అవునన్నాడు. నేను మధ్యలో దూరి ఆయన కొట్టకపోతే ఆమె బతికేదా అని ఎగిరాను. ఉండు సర్వరూ, తప్పు నాదే, అన్నం తినకపోవుడు గుడ తప్పే అన్నాడు కాక. తప్పు ఆయనదేనని నాకూ తెలుసు, అదే నా కడుపుమంట. కంప్యూటర్‌లోంచి ఆయన పేరు తీసేసే పని కూడా నాదే అయింది.

లోపల పచ్చ బటన్ పెట్టాం. తలుపు మూసి ఉన్నా, టైము కాకున్నా, నొక్కితే తెరుచుకుంటుంది. సైరన్ బ్లాస్టింగ్‌కు మోగకుండా సరిచేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకోవాలి కదా. పూలమ్మ కోలుకుని పనికి వచ్చిన రోజు, బటన్ నొక్కడం నేర్పుతాను, ఒక్కసారి లోపలికి పో అక్కా అన్నాను. ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. బటన్ చూపించాను, ఒట్టు పెట్టాను. అడుగు పడలేదు. గట్టన్న బయట ఉంటేనే పోత అంది.

గట్టయ్యను పిలిపించాను. ఉద్యోగం పోయిన చోటికి మనిషి ఎట్లా వస్తాడో అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. పూలమ్మ ఆయన్ని చూడగానే కార్డు తీసి చేతిలో పెట్టింది. ఆయన కార్డును చూశాడు, మెట్ల పైన మేకును చూశాడు. తర్వాత కార్డు ఆమె చేతిలోనే పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఎంబడి తీస్కపో చెల్లె. ఇది బాయి గాదు. ఈడ బిళ్ళ మీద ఉంటే మనిషి కిందనే ఉంటది."

ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. బతుకంతా నమ్మిన మాటను ఆయనే తిప్పి చెప్పాడు. నేను ఇన్నాళ్ళు అరిచి చెప్పింది అదే. గెలిచినందుకు నాకు ఏ మాత్రం సంతోషం కలగలేదు.

తలుపు మూసుకుంది. మేమిద్దరం బయట నిలబడ్డాం. నా చేతిలో కార్డు ఉంది, అవసరమైతే తలుపు తీయడానికి సిద్ధంగా. లోపలినుంచి మూడు దెబ్బలు వినిపించాయి, ఆ వెంటనే తాళం వదిలిన చప్పుడు. పూలమ్మ తలుపు తోసుకుని తనంత తానే బయటికి వచ్చింది. కార్డు పిడికిట్లోనే ఉంది, చెమటకు తడిసింది.

గట్టయ్య మెట్లెక్కి పైకి పోయాడు. మేకును ఒకసారి వేలితో తడిమాడు. అందరు మీదికొచ్చిన్రు, ఇగ నేను పోత అని చెప్పి, ఎండలో నడుచుకుంటూ ఇంటికి పోయాడు. ఆ మేకు ఎందుకు, పీకెయ్యమని మేడం అంటే నేను వినబడనట్టు దుకాణానికి వచ్చేశాను.